రేస్ ట్రాక్ స్కూల్: రోడ్డు మీద నిజంగా పనికొస్తుందా?

డ్యూక్_సాయి
హైదరాబాద్, బండి 390 డ్యూక్. కాలేజీ రోజుల నుంచి నడుపుతున్నా, ఆదివారం బ్యాచ్‌తో శ్రీశైలం రూట్ అలవాటే. కానీ ఘాట్‌లో ఒక సమస్య నన్ను అస్సలు వదలట్లేదు. టర్నింగ్‌లోకి బాగానే దిగుతా. మధ్యలోకి వచ్చేసరికి అది అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగిందంటే చాలు, భుజాలు బిగుసుకుపోతాయి, కళ్లు ఎదురుగా ఉన్న రక్షణ గోడ మీదే పడతాయి, చెయ్యి దానంతటదే థ్రాటిల్, అదే యాక్సిలరేటర్, వదిలేస్తుంది. బండి నిటారుగా లేచి మధ్య గీత దాకా పోతుంది. ఆ టైంలో ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే ఏంటి గతి?

మా బ్యాచ్‌లో ఒకరు చెన్నై దగ్గర మద్రాస్ ట్రాక్‌లో స్కూల్ చేసొచ్చారు. "వెళ్లిరా, నీకే తెలుస్తుంది" అంటున్నారు. మిగతావాళ్లేమో "ట్రాక్ మీద గుంతలుండవు, గేదెలుండవు, రాంగ్ రూట్ ఆటోలుండవు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎందుకు పనికొస్తుంది? ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకో" అంటున్నారు. ఫీజు, గేర్, ప్రయాణం, రూం అన్నీ కలిపితే నాకు చిన్న మొత్తమేం కాదు. పైగా రేస్ అన్న మాట వినగానే ఇంట్లో అమ్మ అన్నం మానేసేలా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

చైన్‌లూబ్
టైర్లే వేయించుకో బ్రో. మిగిలిన డబ్బుతో మంచి రైడింగ్ జాకెట్ కూడా వస్తుంది.

పాతబస్తీ_రైడర్
నేనూ టైర్ల వైపే. చార్మినార్ నుంచి మెహిదీపట్నం దాకా సాయంత్రం ఆరింటికి బండి నడిపినవాడికి ఏ కోచ్ కొత్తగా నేర్పేదేముంది?

రైడర్_స్వాతి
నేర్పేది చాలా ఉంది. నేను బెంగళూరులో ఉంటా, చెన్నై వెళ్లి లెవెల్ 1 చేశాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకి శ్రీపెరంబుదూర్ దాటాక హైవే పక్కనే. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ మలుపుల్ని అందరూ సీ1, సీ2 అని నంబర్లతోనే పిలుస్తారు. నేను చేసింది కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు. కీత్ కోడ్ అనే ఆయన 1980లో అమెరికాలో మొదలుపెట్టిన స్కూల్ అది.

సాయి, నువ్వు రాసిన మూడూ, అంటే భుజాలు బిగుసుకోవడం, కళ్లు గోడకి అతుక్కుపోవడం, థ్రాటిల్ వదిలేయడం, వాళ్ల పాఠం మొత్తం వాటి చుట్టూనే తిరుగుతుంది. భయం వేస్తే ఏ మనిషి ఒళ్లయినా చేసే పనులవి. తిట్టుకుంటే పోవు. ఒక్కోదాన్ని విడదీసి సాధన చేస్తేనే పోతాయి.

క్లాసులో ఒకే ఒక్క విషయం చెప్తారు. వెంటనే ట్రాక్ మీదకి వెళ్లి అదొక్కటే చేయాలి. దిగగానే కోచ్ నిలబెట్టి "ఏ మలుపులో కుదిరింది, ఎక్కడ కుదరలేదు" అని అడుగుతాడు. లెవెల్ 1లో అలాంటివి ఐదు. థ్రాటిల్ ఎలా తెరవాలి, బండిని ఎక్కడ తిప్పాలి, ఎంత చటుక్కున వాల్చాలి, హ్యాండిల్ మీద బరువు వేయకుండా ఎలా కూర్చోవాలి, బండి తిప్పేముందు కళ్లని ఎక్కడికి పంపాలి. అంతే. మోకాలు నేలకి ఆనించడం గురించి ఆ రోజు ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు.

మొదటి సెషన్‌లో ఒకటే గేరు, బ్రేక్ ముట్టుకోకూడదు. ఇది వినగానే మా గదిలో సగం మంది ముఖాలు మాడిపోయాయి. ఇంత ఖర్చు పెట్టింది నాలుగో గేర్‌లో తిరగడానికా అని. కానీ బ్రేక్ లేదంటే మలుపుకి ముందే "ఎంత వేగంతో లోపలికి వెళ్తే సరిపోతుంది" అని లెక్క వేసుకోక తప్పదు. ఆ లెక్క సరిగ్గా ఉంటే మలుపు మధ్యలో భయమే రాదు. బండి వాలిన వెంటనే థ్రాటిల్ జానెడు కాదు, గోరంత తెరవాలి. అప్పుడు వెనక సస్పెన్షన్ కుదురుకోవడం సీటు కింద తెలుస్తుంది. అక్కడి నుంచి మలుపు అయ్యేదాకా సమంగా, ఆపకుండా తెరుస్తూ పోవాలి. మధ్యలో ఒక్కసారి చెయ్యి వెనక్కి వచ్చినా ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కిందకి దిగి బండి కంగారు పడడం స్పష్టంగా తెలుస్తుంది. రోడ్డు మీద ఇన్నేళ్లు ఆ కంగారుని రోడ్డు తప్పు అనుకున్నా.

నాలుగో పాఠంలో మలుపు మధ్యలో, బండి వాలి ఉండగా, మోచేతులు కోడి రెక్కల్లా ఆడించమంటారు. చేతులు బిగుసుకుని ఉంటే ఆడవు. నీకు కావాల్సింది సరిగ్గా ఆ పాఠమే.

డ్యూక్_సాయి
బండి వాలి ఉండగా మోచేతులు ఆడించడమా? చదువుతుంటేనే నా అరచేతులు చెమటలు పడుతున్నాయి.

రైడర్_స్వాతి
రెండు కాళ్లతో ట్యాంకు గట్టిగా పట్టుకుంటే చేతులకి పనే ఉండదు. ముఖ్యంగా బయటి వైపు తొడ ట్యాంకుకి ఆనించి, పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ మీద పెట్టి కూర్చో. ఇంట్లో స్టాండ్ మీద ఉన్న బండెక్కి చూసినా తెలిసిపోతుంది.

ఫిజిక్స్_మాస్టారు
పాతబస్తీ గారి ప్రశ్నకి నా జవాబు. ట్రాఫిక్‌లో నేర్చుకునేది వేరు, వాలిన బండిని అర్థం చేసుకోవడం వేరు. చిన్న లెక్క చూడండి. 41 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి 72 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి సుమారు 45 డిగ్రీలు వాలాలి. అదే మలుపుకి 60తో వస్తే 35 డిగ్రీలు చాలు. వేగం 12 తగ్గిస్తే 10 డిగ్రీలు చేతిలో మిగిలాయి. వేగానికీ వాలుకీ మధ్య వర్గ సంబంధం ఉంది కాబట్టే ప్రవేశ వేగంలో చిన్న తేడా లోపల అంత పెద్ద భయంగా మారుతుంది. ఇది పుస్తకంలో అందరం చదివిందే, కానీ ఒంటికి తెలియాలంటే ఒకే మలుపుని మళ్లీ మళ్లీ తిరిగే చోటు కావాలి. ఘాట్‌లో ఏ మలుపూ రెండోసారి అలాగే దొరకదు. ఒకసారి ఇసుక ఉంటుంది, ఇంకోసారి లారీ ఉంటుంది.

పాతబస్తీ_రైడర్
మాస్టారూ, ఇది ఒప్పుకుంటున్నా. కానీ నా అసలు భయం వేరే. ట్రాక్‌కి వెళ్లొచ్చిన మా ఏరియా కుర్రాడొకడు ఇప్పుడు ఫ్లైఓవర్ మీద మోకాలు దించాలని చూస్తున్నాడు. వెళ్లకముందు బుద్ధిగా నడిపేవాడు. స్కూల్ వాడికి నైపుణ్యం ఇచ్చిందో, పొగరు ఇచ్చిందో మీరే చెప్పండి.

లీన్_యాంగిల్
వాడు స్కూల్‌కి వెళ్లాడా, ట్రాక్ డేకి వెళ్లాడా? రెండూ ఒకటి కాదు. ట్రాక్ డే అంటే డబ్బు కట్టి తిరగడం, చెప్పేవాడు ఉండకపోవచ్చు. స్కూల్‌లో కోచ్ నీ వెనకా ముందూ వస్తాడు, తన సీటు వెనక తట్టి "నా వెంట రా" అని సైగ చేస్తాడు, దిగాక తప్పు చెప్తాడు. మొదటిసారి ట్రాక్ డేకే పోయినవాళ్లు పక్కవాడి వేగం చూసి నేర్చుకుంటారు. పొగరు అక్కడి నుంచే వస్తుంది.

చైన్‌లూబ్
ఇది మంచి పాయింట్. నాకూ ఆ తేడా తెలీదు.

వైజాగ్_రాము
పాతబస్తీ అన్నా, నా అనుభవం దానికి పూర్తి రివర్స్. ట్రాక్ చేసొచ్చాక అరకు ఘాట్‌లో నా వేగం తగ్గింది. ఎందుకంటే అంత వేగంగా పోవాలంటే ఎంత ఖాళీ స్థలం కావాలో కళ్లారా చూశా. ట్రాక్ పక్కన జారిపోవడానికి చోటుంటుంది, జెండా పట్టుకున్న మార్షల్ ఉంటాడు, అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. అనంతగిరి దగ్గర పక్కనే లోయ. అక్కడ వేగం చూపించేదేముంది?

ఎముకల_డాక్టర్
రాము గారి మాటకి నా ఓటు. నేను వృత్తిరీత్యా రోజూ చూసేది రోడ్డు మీద పడినవాళ్లనే. భుజం మీద పడితే కాలర్ బోన్ విరగడం మామూలే, అది అతుక్కుంటుంది. ప్రాణం తీసేది ఎక్కువగా పడడం కాదు, పడ్డాక దేనికి గుద్దుకున్నారన్నది. డివైడర్, కరెంటు స్తంభం, ఎదురొచ్చే లారీ. ట్రాక్ మీద అవి ఉండవు. మా అబ్బాయి బండి కావాలన్నప్పుడు నేనే ట్రాక్ స్కూల్‌లో చేర్పిస్తానన్నాను. సాయి అమ్మగారికి ఈ విషయం చెప్పి చూడండి.

డ్యూక్_సాయి
డాక్టర్ గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించా. "ఆ డాక్టర్ గారి నంబర్ ఉందా" అని అడిగింది.

మోడరేటర్
ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. సొంత మెసేజ్‌లో మాట్లాడుకోండి.

నెల్లూరు_పెద్దన్న
మీరంతా ఇరుంగాట్టుకోట్టై అంటుంటే నాకు షోలవరం గుర్తొస్తోంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ఈ ట్రాక్ తెరవకముందు రేసులన్నీ షోలవరంలోనే. పాత విమానాల రన్‌వే అది, రెడ్ హిల్స్ దాటి మనం వెళ్లే హైవే దారిలోనే. నెల్లూరు నుంచి మా బాబాయి జీపులో పిల్లలందర్నీ ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. గడ్డి మూటలు పేర్చి మలుపులు చేసేవారు, రాజ్‌దూత్ 350 వస్తుంటే చెవులు మూసుకునేవాళ్లం. అప్పుడు నేర్పే స్కూళ్లెక్కడివి? మద్రాసులో ఎవరో తెలిసినవాళ్లుంటే వాళ్ల వెనక తిరిగి నేర్చుకోవాల్సిందే. ఇప్పుడు డబ్బు కడితే నేర్పేవాళ్లున్నారు. మాకు దొరకని అదృష్టం ఇది, వదులుకోకు తమ్ముడూ.

లీన్_యాంగిల్
పెద్దన్నా, షోలవరం గురించి వేరే టాపిక్ పెట్టండి ప్లీజ్. ఫొటోలు ఉంటే ఇంకా మంచిది.

ఆస్టిన్_తెలుగు
నేను టెక్సాస్‌లో ఉంటా. స్వాతి గారి పోస్టులో ఒక విషయం మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. మలుపు మొత్తం థ్రాటిల్ తెరుస్తూ పోవాలన్నది ఒక పద్ధతే. ఇక్కడ యమహా ఛాంపియన్స్ రైడింగ్ స్కూల్ లాంటి చోట్ల బ్రేక్‌ని మలుపు లోపలి దాకా తీసుకెళ్లడం నేర్పుతారు. బండి వాలుతున్న కొద్దీ వేలు మెల్లగా వదులుతూ రావాలి. వేగం తగ్గితే మలుపు చిన్నదవుతుంది, ముందు ఫోర్క్ కొంచెం దిగి ఉంటే బండి తేలిగ్గా తిరుగుతుంది. సాయి సమస్య చూడండి: మలుపు మధ్యలోకి వెళ్లాక ఇంకా ఎక్కువ తిరుగుతోంది. అలాంటి చోట థ్రాటిల్ తెరిస్తే ఎటు పోతాడు? రోడ్డు మీద బ్రేక్ వదలకుండా లోపలికి వెళ్లేవాడే బతుకుతాడు.

రైడర్_స్వాతి
నేను చెప్పింది సరైన వేగంతో లోపలికి వెళ్లాక సంగతి. ఎక్కువ వేగంతో వెళ్లి థ్రాటిల్ తెరవమని ఏ స్కూలూ చెప్పదు.

ఆస్టిన్_తెలుగు
ఘాట్‌లో సరైన వేగం ఎంతో ముందే ఎవరికి తెలుసు? మలుపు అవతల ఏముందో కనిపించదు కదా. ట్రాక్ మీద తెలుస్తుంది, ఎందుకంటే అదే మలుపు మళ్లీ వస్తుంది. మా ఊళ్లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో 20 మలుపులున్నాయి, వాటిలో కొన్ని కొండ మీదకెక్కి కనపడకుండా తిరుగుతాయి. మొదటిసారి వెళ్లినవాళ్లందరూ అక్కడే తడబడతారు.

లీన్_యాంగిల్
ఇద్దరూ కరెక్టే, చెప్తున్నది వేర్వేరు మెట్ల గురించి. కొత్తవాడికి ముందు బ్రేక్ పట్టుకుని వాల్చమంటే వేళ్ల మీద అదుపు ఉండదు. వాలి ఉన్నప్పుడు గట్టిగా నొక్కాడా, ముందు టైరు జారుతుంది. టైరుకి ఉన్న పట్టు ఒకటే. అందులో కొంత మలుపుకి ఖర్చవుతుంది, మిగిలిందే బ్రేక్‌కి. అందుకే మొదట అసలు బ్రేక్ లేకుండా వేగం అంచనా వేయడం, ఆ తర్వాత నిటారుగా ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ కొట్టడం, ఆ తర్వాతే మలుపులోకి బ్రేక్ తీసుకెళ్లడం. నేను మూడూ ఆ వరసలోనే నేర్చుకున్నా, ఆ వరస మార్చమని ఎవరికీ చెప్పను.

ఇక సాయి బండి ఎందుకు బయటికి పోతోందంటే, థ్రాటిల్ వదిలినందుకు ఒక్కటే కాదు. భయంతో లోపలి చెయ్యి బిగుసుకుని హ్యాండిల్‌ని ఎదురు పట్టుకుంటున్నాడు, కళ్లు గోడ మీదున్నాయి. కుడి వైపు వాలాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. బిగుసుకున్న చేతులు రెండు వైపులా నెడతాయి, బండి లేచి నిలబడుతుంది.

ఫిజిక్స్_మాస్టారు
చాలా బాగా చెప్పారు.

ఆస్టిన్_తెలుగు
లీన్ యాంగిల్ గారు చెప్పిన వరసకి నా అభ్యంతరం లేదు. కానీ అక్కడితో ఆగిపోవద్దు సాయి. రోడ్డు మీద నడిపేవాడికి మూడో మెట్టు చాలా ముఖ్యం.

బెజవాడ_మెకానిక్
బండి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా షెడ్డుకి ట్రాక్‌కి వెళ్లే బండ్లు వస్తుంటాయి, నేను చూసేవి చెప్తా.

మొదటిది బ్రేక్ ప్యాడ్లు. సగం అరిగినవి రోడ్డు మీద నెలలు నడుస్తాయి, ట్రాక్ మీద ఒక్క రోజులో ఇనుము దాకా పోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ పాతదైతే తేమ పీల్చుకుని ఉంటుంది. వేడెక్కితే మరిగి లివర్ స్పాంజిలా లోపలికి పోతుంది. మార్చేయండి. చైన్ బిగువు, చక్రాల బేరింగులు, స్టీరింగ్ కోన్ సెట్. ఇంజిన్ ఆయిల్ బోల్టు దగ్గర చుక్క కూడా కారకూడదు. మీ ఒక్కరి ఆయిల్ చుక్కకి వెనక వచ్చేవాడు పడతాడు.

అద్దాలు విప్పేయమంటారు, లైట్ల మీద టేపు వేయమంటారు, పగిలితే గాజు ట్రాక్ మీద పడకుండా. రేసుల్లో అయితే కూలెంట్ తీసేసి నీళ్లు పోయిస్తారు, కూలెంట్‌లోని గ్లైకాల్ పడితే తారు జారుతుంది కాబట్టి. స్కూల్‌లో రూల్ ఏంటో ముందే ఫోన్ చేసి అడగండి. టైర్లలో గాలి రోడ్డుకి పెట్టినంత పెట్టొద్దు, వేడెక్కితే పెరుగుతుంది. ఎంత తగ్గించాలో అక్కడి వాళ్లు మీ టైరు చూసి చెప్తారు. సొంత గేజ్ తీసుకెళ్లండి, పెట్రోల్ బంకు గేజ్‌ని నమ్మొద్దు.

చైన్‌లూబ్
అన్నా, ఇదంతా చేశాక కింద పడితే ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా? బంపర్ టు బంపర్ తీసుకున్నాం.

బెజవాడ_మెకానిక్
ఇవ్వదు.

లీన్_యాంగిల్
పాలసీ కాగితం తీసి చూడు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే వర్తించదని మన మోటార్ పాలసీల్లో రాసే ఉంటుంది. స్కూల్ కదా రేస్ కాదు కదా అని వాదించుకుంటూ తిరగాలి. నీ ఖర్చు నీదే అనుకుని వెళ్లు. అందుకే నేను మొదటిసారి స్కూల్ వాళ్ల బండే అద్దెకి తీసుకోమంటా. పడితే ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకో.

వైజాగ్_రాము
మన ఆరోగ్య బీమా కూడా చూసుకోవాలి. ప్రమాదకర క్రీడలు అని కొన్ని పాలసీల్లో మినహాయింపు ఉంటుంది.

డ్యూక్_సాయి
గేర్ సంగతి చెప్పండి. నా దగ్గర మెష్ జాకెట్, జీన్స్, చీలమండ దాకా వచ్చే షూస్ ఉన్నాయి.

రైడర్_స్వాతి
వాటితో లోపలికి రానివ్వరు. తోలు సూట్ ఉండాలి, ఒకటే పీస్ అయినా, పైదీ కిందదీ నడుము చుట్టూ జిప్‌తో కలిసేదైనా. మణికట్టు దాటి వచ్చే తోలు గ్లౌజులు, పిక్క దాకా వచ్చే బూట్లు, వీపుకి ప్రొటెక్టర్. ఫుల్ ఫేస్ హెల్మెట్, డబుల్ డి రింగ్ పట్టీ (రెండు రింగుల్లోంచి లాగి బిగించేది) ఉన్నదైతే మంచిది. సూట్ చాలా చోట్ల అద్దెకి ఇస్తారు. వేసుకున్నాక నిటారుగా నిలబడితే ఇబ్బందిగా, బండి మీద వంగితే సుఖంగా ఉండాలి. నిలబడినప్పుడు సుఖంగా ఉందంటే అది వదులు, పడినప్పుడు మోకాలి ప్యాడ్ పక్కకి జరుగుతుంది.

ఆడవాళ్లకి అద్దె సూట్ సరైన సైజు దొరకడం కష్టం, నేను సొంతది కుట్టించుకున్నా. ఈ టాపిక్ చదివే అమ్మాయిలు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, వివరాలు చెప్తా. మన ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం బాజాస్ వరల్డ్ కప్‌లో (అంతర్జాతీయ ఆఫ్‌రోడ్ ర్యాలీల పోటీ) మహిళల టైటిల్ గెలిచింది, అదీ బెంగళూరు అమ్మాయే. మనకి రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎముకల_డాక్టర్
చెన్నై ఎండలో తోలు సూట్ అంటే నీళ్ల సంగతి మరవొద్దు. ముందు రోజు సాయంత్రం నుంచే తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్లు కాదు, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా. నీరు తగ్గితే ముందు దెబ్బతినేది ఏకాగ్రతే. అలసటగా ఉంటే చివరి సెషన్ వదిలేసినా నష్టం లేదు.

పాతబస్తీ_రైడర్
చెన్నై దాకా ఎందుకు, కోయంబత్తూర్‌లో కూడా ఉంది కదా ట్రాక్?

లీన్_యాంగిల్
కరి మోటార్ స్పీడ్‌వే, చెట్టిపాళయం. ఎస్. కరివర్ధన్ పేరు మీద కట్టింది. సుమారు 2.1 కిలోమీటర్లు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. చిన్న బండికి అది చాలా బాగుంటుంది. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది, 2023లో మోటోజీపీ, అంటే ప్రపంచ స్థాయి బైక్ రేసు, జరిగింది. కానీ 5 కిలోమీటర్ల పైన పొడవు, ఆ పెద్ద స్ట్రెయిట్ మీద 390 వేసుకుని పోతే బోరు కొడుతుంది. మొదటిసారికి మద్రాస్ గానీ కరి గానీ చాలు.

నెల్లూరు_పెద్దన్న
మనకి హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన 2023లో ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు, పెట్టారు, అయిపోయాక మళ్లీ రోడ్డే అయిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంతమంది కుర్రాళ్లకి బండి పిచ్చి ఉంది. వాళ్లందరూ నేర్చుకోవడానికి పక్క రాష్ట్రానికి పోవాలి. రాత్రిళ్లు నెక్లెస్ రోడ్డు మీద రేసులు పెట్టుకునే పిల్లల్ని పోలీసులు పట్టుకుంటున్నారు, పట్టుకోవాల్సిందే. కానీ వాళ్లకి ఇంకో చోటు చూపించాలి కదా.

పాతబస్తీ_రైడర్
ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు. ఆ ఫ్లైఓవర్ కుర్రాడికి కూడా దగ్గర్లో ట్రాక్ ఉంటే రోజూ అక్కడే ఉండేవాడు.

డ్యూక్_సాయి
వెళ్లొచ్చా. స్కూల్ బండే అద్దెకి తీసుకున్నా, అపాచీ ఆర్ఆర్ 310.

స్వాతి గారు చెప్పినట్టే మొదటి సెషన్‌లో బ్రేక్ లేదు. సీ1 కుడి వైపు తిరిగే వేగమైన మలుపు, స్ట్రెయిట్ చివర్లో. దగ్గరికి వస్తుంటే నా నాలుగు వేళ్లూ లివర్ మీదకి పోబోయాయి, పెట్టకుండా ఆపుకోవడానికి పళ్లు బిగించా. కోచ్ నా వీడియో చూపించి ఒక్కటే అడిగారు: "తిప్పేటప్పుడు ఎక్కడ చూస్తున్నావ్?" బండి ముక్కు ముందు పది అడుగుల తారునే చూస్తున్నా. తర్వాతి సెషన్‌లో ట్రాక్ మీద గుర్తులు వేశారు, అక్కడికి రాకముందే తిప్పకూడదు. తిప్పేముందే కళ్లు మలుపు లోపలి అంచుకి పోవాలి. అది మొదటిసారి కుదిరింది ఎడమ మలుపులో. వేగం తగ్గినట్టు అనిపించింది. దిగాక అడిగితే తగ్గలేదు, ముందుకంటే ఎక్కువే వచ్చానంట. దూరంగా చూస్తే అంతా నింపాదిగా కనిపిస్తుంది. ఇది నాకు ఎవరు నోటితో చెప్పినా నమ్మేవాణ్ని కాదు.

మోచేతులు ఆడించే పాఠంలో కుడి వైపు బాగానే ఆడాయి, ఎడమ వైపు అస్సలు కదల్లేదు. ఎడమ మలుపుల్లో బయటి కాలు ట్యాంకుని వదిలేస్తోందని కోచ్ పట్టుకున్నారు. ఒకరు పడ్డారు. బండికి గీతలు, మనిషికి ఏం కాలేదు, ఎర్ర జెండా ఊపి అందర్నీ లోపలికి పిలిచారు. ఐదు నిమిషాల్లో ట్రాక్ శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టారు.

పాతబస్తీ_రైడర్
టైర్ల వైపు ఉన్నవాణ్ని, మాట మార్చుకుంటున్నా. నెక్ట్స్ ఎప్పుడో చెప్పు, ఆ ఫ్లైఓవర్ కుర్రాణ్ని కూడా లాక్కొస్తా. ఈసారి ట్రాక్ డేకి కాదు, స్కూల్‌కి.

ఆస్టిన్_తెలుగు
సాయి, బ్రేక్ పాఠం ఏమన్నా చేయించారా?

డ్యూక్_సాయి
ఆ రోజు లేదు. మీరు చెప్పిన మూడో మెట్టు ఇంకా మిగిలే ఉంది. ఖాళీ స్థలంలో నిటారుగా బ్రేక్ సాధన చేస్తున్నా. ముందు బ్రేక్‌ని ఒక్కసారిగా గుంజకుండా, మొదట కాస్త పట్టి, ఫోర్క్ దిగాక గట్టిగా నొక్కితే ఎంత తక్కువ దూరంలో ఆగుతోందో.

ఆస్టిన్_తెలుగు
అదే. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రం బిగిసిపోకుండా చూసేది) ఉందని మొదటి నుంచే గుంజే అలవాటు చేసుకోకు. వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ నిన్ను కాపాడుతుందని గ్యారంటీ లేదు.

లీన్_యాంగిల్
వందతో పోతున్నప్పుడు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాం. చెయ్యి బ్రేక్ మీద పడేలోపే అంత దూరం అయిపోతుంది. కాబట్టి బ్రేక్ సాధనతో పాటు ఒకటో రెండో వేళ్లు లివర్ మీద ఉంచే అలవాటు కూడా చేసుకో.

డ్యూక్_సాయి
సరే అన్నా. లెవెల్ 2కి నా డ్యూక్‌నే తీసుకెళ్దామనుకుంటున్నా. హైదరాబాద్ నుంచి నడుపుకుంటూ పోయి, ట్రాక్ చేసి, మళ్లీ నడుపుకుంటూ రావడం కుదురుతుందా?

బెజవాడ_మెకానిక్
వద్దు. ట్రాక్ దిగాక చేతులకి బలం ఉండదు, పైగా బండి పడితే ఎలా తెస్తావ్? నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా డీసీఎంలో వేయించుకో, ముగ్గురు నలుగురు కలిస్తే భారం పడదు. ముందు ఫోర్క్ రెండు వైపులా కింది క్లాంప్ దగ్గర బెల్టు కట్టించు, హ్యాండిల్‌కి మాత్రం కట్టనివ్వకు. సైడ్ స్టాండ్ పైకి మడిచి ఉంచాలి, బండి బరువు దాని మీద పడకూడదు. ఎక్కించేటప్పుడు నువ్వే దగ్గరుండు.

పాతబస్తీ_రైడర్
డీసీఎంలో మా రెండు బండ్లకి చోటు ఉంచు.